డై గుంటలో నల్లనీళ్లు

ఎర్రగా కాలిన ఇనుప ముక్కను అచ్చులో పెట్టి పెద్ద సుత్తితో కొడితే అది అచ్చు ఆకారంలోకి వస్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ కొట్టాక ముక్క అచ్చుకు అతుక్కోకూడదు. లోపలి మూలమూలకూ ఇనుము పారాలి. అచ్చు తొందరగా అరిగిపోకూడదు. అందుకోసం ప్రతి ముక్కకూ ముందు అచ్చుకు ఒక పూత పడాలి. మా షెడ్డులో ఆ పూత కలిపేది నేను.

షెడ్డు పుంగనూరు ఊరి బయట ఉంది. ట్రాక్టర్లకు కావలసిన ఇనుప సామాన్లు చేస్తాం. అచ్చును మేమంతా డై అంటాం. కింది డై కదలదు, పై డై సుత్తితోపాటు దిగుతుంది. సుత్తి అంటే చేతిలో పట్టుకునేది అనుకోవద్దు. రెండు నిలువుల ఎత్తుండే యంత్రం. కింద ఒక పెడలు ఉంటుంది. కాలితో తొక్కితే పైనుంచి దెబ్బ పడుతుంది. దాన్ని హ్యామరు అంటాం.

పూతకు వాడేది గ్రాఫైటు. పెన్సిల్ ముల్లులో ఉండే నల్లటి సరుకే. డ్రమ్ముల్లో ముద్దగా వస్తుంది. ఒక పాలు ముద్దకు పన్నెండు పాళ్లు నీళ్లు కలిపితే మా నల్లనీళ్లు తయారు. అందులో నీళ్ల పని మోత కూలీ పని. గ్రాఫైటును డై దాకా మోసుకుపోయి, ఆ వేడికి ఆవిరైపోతాయి. మిగిలిన నల్లటి పల్చటి పొర ఇనుముకూ డైకీ మధ్య అడ్డం ఉంటుంది. డై మరీ చల్లగా ఉంటే నీళ్లు పోవు. మరీ వేడిగా ఉంటే బొట్లు పెనం మీద ఎగిరినట్టు ఎగిరిపోతాయి, పొర అంటదు. నూటయాభై నుంచి రెండువందల యాభై డిగ్రీల మధ్య ఉండాలి. అది చూడటానికి నా దగ్గర ఒక గన్ను ఉంది. కరోనా కాలంలో అందరి నుదుటికీ గురిపెట్టారే, ఆ తరహాదే, కాకపోతే ఇది ఇనుము జ్వరం చూస్తుంది.

నేను పది తప్పినవాణ్ణి. రామసముద్రం వైపు కూలి చేసుకునే ఇంట్లో పుట్టాను. పాళ్లు, శాతాలు, ఘనపరిమాణాలు నాకు నేనే నేర్చుకున్నాను, ఎవరూ అడగకపోయినా లెక్క కట్టడం అలవాటైంది. బిందె నిండేలోపల బిందెలో ఎన్ని లీటర్లో కట్టేస్తాను. మా చెల్లెలు నన్ను చూసి నవ్వేది. "మా అన్నకు ఆకలైతే అన్నం తినడు, మెతుకులు లెక్కపెడతాడు" అని షెడ్డంతా చెప్పింది.

నల్లనీళ్లు చల్లేది ఆ చెల్లెలే. అంతకుముందు టమాటా తోటల్లో కూలికి పోయేది. మొగుడికి నడుం పట్టేసినప్పుడు మందు కొట్టే పంపు తనే వీపుకు తగిలించుకుంది. మా వైపు ఆడవాళ్లు మందు కొట్టడం తక్కువ. మొదట నవ్విన రైతులే తర్వాత ఇంటికొచ్చి పిలుచుకుపోయేవాళ్లు. ఆకు పైన, ఆకు కింద, కొసన బొట్టు నిలబడేదాకా కొడుతుందని పేరు. షెడ్డులో చల్లే మనిషి కావాలంటే నేనే ఆమెను చెప్పాను. ఓనరు ఒక పూట చూసి ఒప్పుకున్నాడు. పంపు కూడా అదే రకం. మదనపల్లెలో టమాటా మార్కెట్టు దగ్గర అంగడిలో కొన్నాం. నాజిలు మాత్రం ఇత్తడిది వేయించాం.

హ్యామరు తొక్కేది కుప్పమాయన. పేరుతో ఎవరం పిలవం. కుప్పం పక్క పల్లె, అరవైకి దగ్గర. చిన్నప్పటి నుంచీ అరవదేశం సరిహద్దు షెడ్లలో పని చేశాడు. ఆ కాలంలో నల్లనీళ్లు లేవు. పాత ఇంజనాయిలు పూసి, పైన గుప్పెడు రంపంపొట్టో శనగపొట్టో చల్లి కొట్టేవాళ్లట. ప్రతి దెబ్బకూ మంట లేచి కనురెప్పలు కాలేవట. నల్లనీళ్లంటే ఆయనకు మొదటి నుంచీ చిన్నచూపు.

"పొద్దన్నుంచి సాయంత్రం దాకా డైకి నీళ్లు పోస్తాండారు. డైకి ఏమన్నా పెండ్లా?" అనేవాడు.

"నీకు మంటలుంటేనే పని జేసినట్టుంటాది అప్పా. నువ్వు ఇంట్లో కూడా పొయ్యిలోనే కూసుంటావేమో" అనేది మా చెల్లెలు.

ఆయనకు ఒక పంతం ఉండేది. ఒక షెడ్డులో ఆయన చూస్తుండగా హ్యామరు తొక్కేవాడి కాలు తనకు తెలియకుండానే పడింది. పట్టకారు మనిషి చెయ్యి అప్పటికి డై మీదే ఉంది. ఆ మాట ఆయన పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. "నా కాలు ఒక్కతూరి నా మాట ఇనకుండా పడిందంటే, ఆ పొద్దే దిగిపోతా. మళ్లీ ఏ హ్యామరూ ఎక్కను" అనేవాడు. చెప్పి పెడలు మీద కాలు ఆనించి పెట్టేవాడు, దూడ వీపు మీద చెయ్యేసినట్టు.

ఆ వారం కొత్త డై వచ్చింది. అంతవరకూ మేం ఎక్కువగా ట్రాక్టరు వెనక దుక్కి దున్నే గొర్రు పళ్లు చేసేవాళ్లం. ఆ డైలు పళ్లెంలా లోతు లేకుండా ఉంటాయి. కొత్తది ట్రాలీ కొక్కెం. కొక్కేనికి లావుపాటి తల ఉంటుంది. దానికోసం కింది డైలో నాలుగు వేళ్ల లోతు గుంట తొలిచారు.

మొదటి రోజు ముక్కలన్నీ తోక దగ్గర బాగా వచ్చాయి. తల మాత్రం పైన గుండ్రంగా రాకుండా, నొక్కిన జామకాయలా సొట్టతో వచ్చింది. ఇనుము గుంట అడుగు దాకా పోవడం లేదు.

"తల నిండలేదే. మందు సాల్లేదు పాపా" అన్నాడు కుప్పమాయన.

నేను నల్లనీళ్లు గీతల గలాసుతో మళ్లీ కొలిచాను. బకెట్టు అడుగున ముద్ద పేరుకుందేమోనని కలియబెట్టి చూశాను. డై ముఖం మీద, అంటే గుంట చుట్టూ ఉన్న పైభాగం మీద, గన్ను పెట్టాను. "పాళ్లు సరిగ్గా ఉండాయి. వేడీ సరిగ్గా ఉండాది" అన్నాను.

"అన్నా, నీ గలాసు పక్కన బెట్టు. పురుగు సావకపోతే ఏం జేస్తాం? ఇంగో సుట్టు కొడతాం" అంది మా చెల్లెలు.

ఎవరికీ తప్పుగా తోచలేదు. నాకూ తోచలేదు. మా నేల మీద పెరిగిన ఎవడికైనా అదే తోస్తుంది. ఆమె ఎక్కువ చల్లింది. ఆయన గట్టిగా తొక్కాడు. తల ఇంకా సొట్టపడింది. ఆమె ఇంకా చల్లింది.

మరుసటి రోజు మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చాం. తిన్నంతసేపూ హ్యామరు ఆగే ఉంది, డై కొంచెం చల్లబడింది. ముఖం మీద గన్ను పెడితే నూట ముప్పై చూపించింది. మధ్యలో ఎర్రటి దిమ్మె పెట్టి కాసేపు కాకపెట్టి, నూటయాభై దాటాక మొదలుపెట్టమన్నాను. అంతా పద్ధతి ప్రకారమే. మా చెల్లెలు చల్లి పక్కకు జరిగింది. పట్టకారు మనిషి, పెద్దమండ్యం వైపు అతను, తెల్లగా కాలుతున్న ముక్కను తెచ్చి గుంట మీద పెట్టాడు. కుప్పమాయన తొక్కాడు.

ఆ తర్వాత వచ్చిన శబ్దం హ్యామరుది కాదు. కరెంటు ట్రాన్స్‌ఫారం పేలితే వచ్చే శబ్దం. తెల్లటి ఆవిరీ నల్లటి పొగా ఒక్కసారిగా గుప్పుమన్నాయి. చెవుల్లో సన్నటి ఈల తప్ప ఇంకేమీ వినపడలేదు. పొగ పల్చబడ్డాక చూస్తే పట్టకారు మనిషి నేల మీద చతికిలబడి ఉన్నాడు. రెండు చేతులతో పట్టకారు ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాడు. దాని నోట్లో ఏమీ లేదు. మా చెల్లెలి ముఖం నల్లగా ఉంది, కళ్లల్లోని తెలుపు ఒక్కటే కనిపిస్తోంది. చూపు ఉందో లేదోనని దగ్గరికి పరిగెత్తాను. ఆమె రెప్పలార్చింది.

"ముక్క యాడ?" అన్నాడు ఎవరో.

ముక్క లేదు. డైలో లేదు, నేల మీద లేదు. షెడ్డు రేకు గోడకు ఒక చీలిక పడి, అందులోంచి ఎండ లోపలికి వస్తోంది. పొద్దున ఆ ఎండ అక్కడ లేదు.

గోడ అవతల సిమెంటు అరుగు ఉంది. మేం అన్నాలు తినేది అక్కడే. కాసేపటి కిందే లేచి వచ్చాం, నా క్యారియరు కడగకుండా అక్కడే పెట్టాను. పోయి చూస్తే ఆ ముక్క నా క్యారియరు మీద పడి ఉంది. ఇంకా ఎర్రగానే ఉంది. స్టీలు మూత కిందికి వంగిపోయి, మిగిలిన సంగటి మాడిన వాసన వస్తోంది. నేను కూర్చునే చోటు అది. రోజూ అక్కడే కూర్చుంటాను, గోడకు వీపు ఆనించి.

అప్పుడు నా మనసు ఒక్క లెక్కా కట్టలేదు. జన్మలో మొదటిసారి. ఎంత బరువు, ఎంత వేగం, ఎంత దూరం, ఏదీ రాలేదు. ఆ మూతను చూస్తూ నిలబడ్డాను. ఓనరు వచ్చి నా భుజం పట్టుకుని ఊపేదాకా అలాగే ఉన్నాను.

లోపలికి వచ్చేసరికి కుప్పమాయన పెడలు ముందు కూర్చుని తన కుడికాలి బూటు లేసు విప్పుతున్నాడు. ముడి రావడం లేదు, గోళ్లతో పీకుతున్నాడు.

"నా కాలే" అన్నాడు.

"ఏం కాలప్పా? ముక్క సరిగ్గానే పెట్నా గదా నేను" అన్నాడు పట్టకారు మనిషి, ఇంకా నేల మీదే కూర్చుని.

"లేదు. నువ్వు పెట్టకముందే పడింది. ముక్క వాలుగా ఉన్నెప్పుడే తొక్కేసినా. లేకుంటే ఎట్ల ఎగురుతాది? నీ చెయ్యి పొయ్యుండును. ఆ పాప కండ్లు పొయ్యుండును."

"తొక్కినట్టు నీకు తెల్సా?" అని అడిగాను.

ఆయన నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. "తెల్దు. తెల్దు కాబట్టే పోతాండా."

బూట్లు రెండూ విప్పి పెడలు పక్కన వరసగా పెట్టాడు. ఉత్తకాళ్లతో నడిచి బస్సెక్కాడు. ఓనరు మంచి మాటలే చెప్పాడు. ఆయన వినలేదు. ఆయన పోయాక ఓనరు హ్యామరు చుట్టూ ఒకసారి తిరిగి, "నేను పొమ్మన్లేదు. అయితే తొక్కే మనిషి లేకుండా ఎన్నాళ్లుంటాం? హోసూరు నుంచి ఎవర్నన్నా చూడల్ల" అన్నాడు. ఆ బూట్లను మాత్రం ఎవరూ జరపలేదు.

ఆ పూట మా చెల్లెలు బావి దగ్గర ముఖం కడుక్కుంటూనే ఉంది. నల్లదనం పోయినా కడుగుతూనే ఉంది.

గ్రాఫైటు డ్రమ్ములు పంపే కంపెనీలో ఒక ఇంజనీరు ఉన్నాడు. ఏ సందేహం వచ్చినా ఫోన్లో ఓపికగా చెప్తాడు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, పాళ్లు చెప్పాను, డై వేడి చెప్పాను, ముక్క వేడి పదకొండు వందల ఎనభై అని చెప్పాను. అన్నీ విని ఆయన రెండే ప్రశ్నలు వేశాడు. గుంట లోతెంత? చల్లిన తర్వాత గాలి కొట్టి ఆరబెడుతున్నారా?

గాలి గొట్టం ఉంది. కానీ మేం దాన్ని చల్లకముందే వాడతాం, ఇనుప పొట్టు ఊదేయడానికి. చల్లాక వాడే అవసరం ఎప్పుడూ రాలేదు. గొర్రు పళ్ల డైలో ఎక్కువైన నీళ్లు అంచుల్లోంచి కారిపోయేవి. ఆ మాటే చెప్పాను.

"లోతు గుంటలో కారిపోవడానికి దారి ఉండదు కదండీ. అడుగున నిలిచిపోతాయి. పైన ముక్క మూతలా పడుతుంది. తల ఎందుకు నిండటం లేదో కూడా అదే. అక్కడ నీళ్లుంటే ఇనుము ఎలా పోతుంది?" అన్నాడు.

ఫోన్ పెట్టేసి అక్కడే నిలబడిపోయాను. తల నిండకపోతే మేం ఇంకా చల్లాం. చల్లిన కొద్దీ తల నిండలేదు. నిండని కొద్దీ చల్లాం.

మా చెల్లెల్ని పిలిచాను. కరెంటు ఆపేసి ఉంది, డై చల్లగా ఉంది. "నువ్వు రోజూ సల్లినట్టే ఒక్కతూరి సల్లు" అన్నాను. ఎందుకని అడగలేదు. పంపు తగిలించుకుని, గుంట అంచుల మీద, గోడల మీద, వంపు కింద, ఆకు వెనకకు తిప్పి కొట్టినట్టు నాజిలు తిప్పి చల్లింది. అంచున బొట్టు నిలబడి కారగానే ఆపింది. ఎంత అందంగా చేసిందో! టమాటా తోటలో అయితే చుట్టూ చేరి చూస్తారు.

గుంటలోకి వంగి చూశాను. ఏమీ కనిపించలేదు. నల్లటి డై, నల్లటి గుంట, నల్లటి నీళ్లు. నీళ్లున్నట్టు కంటికి తెలియదు. వేలు పెట్టాను. మొదటి కణుపు దాకా మునిగింది.

"అమ్మా!" అంది మా చెల్లెలు, నా వేలు చూసి.

గుడ్డతో అద్ది గలాసులోకి పిండాను. మళ్లీ అద్ది, మళ్లీ పిండాను. అరవై మిల్లీలీటర్లు. వేడి డైలో అయితే కొంత ఆవిరయ్యేది, అందుకని సగం కొట్టేశాను. ముప్పై. మందు సీసా మూతతో రెండు మూతలనుకోండి. నీళ్లు ఆవిరైతే దాదాపు పదిహేడు వందల రెట్లు అవుతాయని నాకు తెలుసు. ఎప్పుడో చదువుకున్నాను. ముప్పైని పదిహేడు వందలతో హెచ్చవేస్తే యాభై ఒక్క వేల మిల్లీలీటర్లు. యాభై ఒక్క లీటర్లు. మినరల్ వాటర్ క్యాన్లు రెండున్నర. పావులీటరు కూడా పట్టని గుంటలో, పైన ఎర్రటి ఇనుము మూత పెట్టి, దాని మీద టన్ను బరువు హ్యామరు వేసి, రెండున్నర క్యాన్ల ఆవిరిని కుక్కాలని చూశాం. అంతా ఒక్కసారే ఆవిరి కాదని నాకూ తెలుసు. సగంలో సగమైనా, సగంలో పాతికో వంతైనా, దానికి ఒక్కటే దారి. ముక్కను తోసుకుని బయటికి.

జరిగినప్పటి భయం వేరు. ఇది వేరు. జరిగినప్పుడు ఏమీ తెలియలేదు. ఇప్పుడు అంకె తెలిసింది. ఆ గలాసులో సగం, నేను దగ్గుమందు తాగేంత నీళ్లు.

మా చెల్లెలు చాలాసేపు ఆ గలాసునే చూసింది. తర్వాత పంపు దించి కింద పెట్టింది.

"అట్లయితే ఆయప్ప కాలు కాదు."

"కాదు."

"నేను సల్లిందే."

ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతాయేమో అనుకున్నాను. తిరగలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

"బొట్టు కారేదాకా కొట్టకుంటే రైతులు ఊరుకుంటారా అన్నా? బొట్టు కారకుంటే కూలి దండగంటారు. నా చేతికి అదొక్కటే తెల్సు గదా" అంది. కిందున్న పంపును గోడకు జరిపి, "కుప్పం పోదాం పా. ఆయప్ప కాలు మంచిదని ఆయప్పకు తెల్దు" అంది.

ఓనరు సెలవిచ్చాడు. హోసూరు మనిషిని రమ్మనే ముందు ఒక్కసారి అడిగి చూడమన్నాడు. పలమనేరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి వి.కోట మీదుగా కుప్పానికి ఇంకొకటి. నా సంచిలో గలాసూ, నేను లెక్క కట్టిన కాగితమూ ఉన్నాయి.

కుప్పమాయన ఇంటి ముందర ఆవుకు మల్బరీ ఆకుల తొడిమలు వేస్తున్నాడు. కోడలు పట్టుపురుగులు పెంచుతుంది, పురుగులు తినగా మిగిలినవి ఆవుకు. మమ్మల్ని చూసి నవ్వాడు గానీ లేవలేదు. కాళ్లకు చెప్పులు లేవు.

"వాండ్లను కూసోబెట్టు" అని కోడలికి చెప్పి, నాతో అన్నాడు. "ఓనరు పంపించినాడా? రాను. ఉట్టికే వచ్చినారు."

నేను గలాసు తీశాను, కాగితం తీశాను. అరవై, ముప్పై, పదిహేడు వందలు, యాభై ఒక్క లీటర్లు అన్నీ వివరంగా చెప్పాను. ఆయన తల ఆడిస్తూ విన్నాడు. అంతా అయ్యాక అన్నాడు:

"మంచిదప్పా. నేను బాధపడతానని లెక్క గట్టుకోనొచ్చినావు. నువ్వు మంచోడివి."

నమ్మలేదు. నా అంకెలు ఆయన దాకా పోనే లేదు. ఓదార్పుకు చెప్పే మాటలనుకున్నాడు. కాగితం మడిచాను.

మా చెల్లెలు లేచింది. వసారా మూల రుబ్బురోలు ఉంది, దాని గుండు పక్కన ఉంది. చెంబుతో నీళ్లు తెచ్చి రోలు గుంటలో కాసిన్ని పోసింది.

"ఏం జేస్తాండావు పాపా? దోసెలకు నానబెట్టలేదు" అన్నాడాయన.

"ఇట్ల రాప్పా. వంగి సూడు. ఏమన్నా కనబడుతాందా?"

ఆయన వచ్చి వంగాడు. మా చెల్లెలు రెండు చేతులతో గుండు ఎత్తి గుంటలోకి దబ్బున వేసింది. నీళ్లు పైకెగిరి ఆయన ముఖం మీద, మీసం మీద, చొక్కా మీద పడ్డాయి. ఆవు బెదిరి తాడు లాగింది. కోడలు "అయ్యో!" అని పరిగెత్తుకొచ్చింది.

"ఏందే ఇది!" అన్నాడాయన, తుడుచుకుంటూ.

"ఇప్పుడు నువ్వు కాలు తొక్కినావా?" అంది మా చెల్లెలు. "సెప్పు. నువ్వు తొక్కినావా? రోట్లో నీళ్లుండినాయి, నేను గుండేసినా, ఎగిరినాయి. ఇవి ఉత్త నీళ్లు. ఆడ కాలిన ఇనుము. నేను గుంట నిండా సల్లినా. నల్లగుండాది, ఎవురికీ కనబళ్లేదు. అన్న వేలు పెట్టి సూస్తే మునిగింది. నీ కాలు సరిగ్గానే పడింది అప్పా. నేను సల్లిందే ఎక్కువ."

ఆయన తడిసిన చొక్కాతో రోలునే చూస్తూ నిలబడ్డాడు. గుండు చుట్టూ ఇంకా కొంచెం నీళ్లు కదులుతున్నాయి. వంగి గుండు పక్కకు జరిపి, గుంటలో వేలు పెట్టి చూశాడు. సరిగ్గా నేను పెట్టినట్టే.

"ఇంతేనా?" అన్నాడు. "ఇన్ని నీళ్లకా?"

"ఇన్ని కూడా లేవు" అన్నాను నేను. గలాసు చూపించాను. ఈసారి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ముప్పై గీత దగ్గర బొటనవేలు పెట్టి, కళ్లు పెద్దవి చేసి చూశాడు. ఆ రోజు క్యారియరు ముందు నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. బహుశా అలాగే ఉండి ఉంటుంది.

కూర్చున్నాడు. గలాసు నాకు తిరిగిచ్చాడు.

"నీళ్లదే తప్పు. సరి. ఒప్పుకుంటా. అయితే ఒకటి సెప్పండి. ఆ పొద్దు నేను తొక్కినానో, అదే పడిందో నాకే తెలీకపాయె గదా. నా కాలు సంగతి నన్ను అడిగితే నేనే తప్పు సెప్పినా. ఇంగ దాన్ని ఎట్ల నమ్మేది?"

కాగితం మళ్లీ విప్పాను, అందులో దానికి అంకె లేదు. ఇప్పటికీ లేదు.

మా చెల్లెలే చెప్పింది. "నమ్మొద్దు. కాలినీ నమ్మొద్దు, నా చేతినీ నమ్మొద్దు. సల్లినంక గాలి కొడతా. బ్యాటరీ లైటు ఏసి గుంటలో సూస్తా. ఆరినంక ఆరిందని అరుస్తా. ఆ మాట ఇన్నంకనే ముక్క పెట్టేది, నువ్వు తొక్కేది. ఇనపడకుంటే తొక్కొద్దు."

"హ్యామరు సప్పుడులో నీ మాట యాడ ఇనపడతాది?"

"నా గొంతు ఇనపడకపోవడమా? మా ఆయన్ని అడుగు."

ఆయన కోడలు ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. కాఫీ తాగి మమ్మల్ని బస్సెక్కించాడు. వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు.

తర్వాతి సోమవారం షెడ్డు తెరిచేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పెడలు పక్కన తన బూట్లు పెట్టినచోటే ఉండటం చూసి, వాటి మీది నల్లటి దుమ్ము చేత్తో దులిపాడు. తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

పొద్దున డై కాకపెట్టాం. ఈసారి నేను గన్నును గుంట అడుగుకు గురిపెట్టాను. ముఖం మీద రెండు వందలు ఉన్నప్పుడు అడుగున నూట నలభై కూడా లేదు. ఇన్నాళ్లూ ముఖం వేడి చూసి సరిగ్గా ఉందనుకున్నాం. ఆ మధ్యాహ్నం అడుగు ఇంకా చల్లగా ఉండి ఉంటుంది, నీళ్లు అందుకే ఆవిరి కాకుండా నిలిచాయి. ఇంకా కాకపెట్టాం. అడుగు నూట డెబ్బై దాటాక మా చెల్లెలు చల్లింది. ఈసారి బొట్టు నిలబడనివ్వలేదు. పొగమంచులా ఒక విసురు, అంతే. ఆమె చెయ్యి ఇంకా కొట్టమని లాగుతున్నట్టు, మీట వదిలాక కూడా వేళ్లు బిగిసే ఉన్నాయి. తర్వాత గాలి గొట్టంతో ఊదింది. బ్యాటరీ వేసి వంగి చూసింది.

"ఆరిందప్పా!" అని అరిచింది.

పట్టకారు మనిషి ముక్క తెచ్చి గుంట మీద పెట్టి, మామూలు కంటే ఒక అడుగు వెనక్కి జరిగి, చేతులు చాచి పట్టుకున్నాడు. నేను రేకు గోడ వైపు చూశాను. చీలికకు కొత్త రేకు వేశారు, అరుగు ఇంకో పక్కకు మార్చాం. అయినా నా కళ్లు అటే పోయాయి.

కుప్పమాయన కాలు పెడలు మీదికి రాలేదు. గాలిలోనే ఉంది. ముక్క తెలుపు తగ్గి పసుపుకు వస్తోంది. ఇంకాసేపైతే పనికిరాదు, పొయ్యిలోకి తిరిగి వేయాలి.

మా చెల్లెలు మళ్లీ అరిచింది. "ఆరిందంటాంటే! ముక్క సల్లారిపోతాండాది. తొక్కుతావా, నన్నొచ్చి తొక్కమంటావా?"

ఆయన కళ్లు మూసుకోలేదు. మేమంతా మూసుకున్నాం. దెబ్బ పడింది. మామూలు దెబ్బ, నేల అదిరి అరికాళ్లలోకి వచ్చే మొద్దు చప్పుడు. ఇంకో దెబ్బ. కళ్లు తెరిచేసరికి పట్టకారు మనిషి కొక్కేన్ని పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు. తల నిండింది. అంచు అంచునా నిండి, మిగిలిన ఇనుము చుట్టూ సన్నటి రేకులా బయటికి వచ్చింది.

కుప్పమాయన దాన్ని చూడలేదు. తన కాలు చూసుకున్నాడు. అది పెడలు మీద అలాగే ఆని ఉంది. ముఖం ఇంకా పాలిపోయే ఉంది, పెదవులు ఆరిపోయి ఉన్నాయి.

"ఇంగోటి ఎయ్యి" అన్నాడు.